ఎటాక్ బటన్ ఒక్కటే అరగదీయించని ఫైట్లు తయారుచేయడం ఎలా?

జపాన్ పద్ధతిలో సాగే టర్న్ బేస్డ్ ఆర్పీజీలో (పాత్రలు వంతులవారీగా కొట్టుకునే కథల వీడియో గేమ్‌లో) కథ ఎంత బాగున్నా, ఆడేవాళ్ల సమయంలో పెద్ద వాటా దారిలో ఎదురయ్యే చిల్లర ఫైట్లకే పోతుంది. ప్రాంతం చివర పెద్ద శత్రువుతో జరిగే బాస్ ఫైట్ అంటే అందరూ ఒళ్లు వంచుతారు. ప్రత్యేకంగా మ్యూజిక్ చేయిస్తారు, బొమ్మలు గీయిస్తారు. ఆ బాస్ దగ్గరికి చేరేలోపు జరిగే నలభై ఫైట్లను మాత్రం ఒక సాయంత్రం కూర్చుని, పట్టికలో అంకెలు నింపేసి చేతులు దులుపుకుంటారు. ఆట సగంలో మానేసేవాళ్లు ఎక్కువగా మానేసేది అక్కడే.

ఒంగోల్లోనో నెల్లూరులోనో కూర్చుని, ఆర్పీజీ మేకర్, గోడాట్ లాంటి గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో మన ఊళ్లలో జరిగే గేమ్ ఒకటి మొదలుపెట్టిన మీ కోసం ఇది రాస్తున్నా. గాల్లో మాట్లాడుకోకుండా ఒక చిన్న గేమ్ అనుకుందాం. కొత్తపట్నం సముద్రపొడ్డు సరుగుడు తోపుల్లో మొదలై, చీమకుర్తి క్వారీల మీదుగా ఉదయగిరి కోట దాకా పోయే కథ. మనుషులు ముగ్గురు. క్వారీలో రాళ్లు కొట్టే పెంచలయ్యది సుత్తి, దెబ్బ గట్టిది, కదలిక నిదానం. కొత్తపట్నం మస్తాన్‌ది వల, దెబ్బ తక్కువే గానీ అందరికన్నా ముందు కదులుతాడు. పసరు మందులిచ్చే రమణమ్మత్త ఫైట్లలో పెద్దగా కొట్టదు, ఆమె లేకపోతే మాత్రం మిగతా ఇద్దరూ నిలబడలేరు.

ముందు ఎటాక్ పరీక్ష పెట్టండి

ఇప్పటికే కొన్ని ఫైట్లు చేసి ఉంటే, కొత్తవి రాసేముందు ఒక ప్రాంతం మొదటినుంచి చివరిదాకా ఎటాక్ తప్ప వేరే ఏదీ నొక్కకుండా ఆడండి. పక్కన టీవీ పెట్టుకుని మరీ ఆడండి. అట్టా గెలిచిన ప్రతి ఫైట్ పేరు పక్కనా నోటుబుక్కులో ఒక గీత పెట్టండి. గీత పడిన ఫైట్ ఆడేవాళ్లను ఏమీ అడగడం లేదు, వాళ్ల టైమ్ మాత్రం తీసుకుంటోంది.

గీత పడిన వాటన్నిటినీ మార్చాల్సిన పనిలేదు. మొదటి రెండు మూడు తేలిగ్గానే ఉండాలి. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్‌లో మొట్టమొదట ఎదురయ్యే స్లైమ్‌కి ఉన్నది 3 హెచ్‌పీ (ప్రాణాన్ని కొలిచే అంకె). కమాండ్ ఎంచుకోవడం, దెబ్బ పడటం, లెవెల్ పెరగడం నేర్పడానికి అది చాలు. కానీ అదే బొమ్మ నాలుగో గంటలో రంగు మార్చుకుని, 300 హెచ్‌పీ తగిలించుకుని వస్తే కొత్త శత్రువు వచ్చినట్టు కాదు. పాతదే, చావడానికి ఎక్కువసేపు పడుతోంది.

ప్రతి శత్రువుకీ ఒక ప్రశ్న రాయండి, అంకెలు తర్వాత

చాలామంది శత్రువును తయారుచేయడం హెచ్‌పీ గడితో మొదలుపెడతారు. మీరు కాగితం మీద ఒక వాక్యంతో మొదలుపెట్టండి: ఈ జీవి ఎదురుపడితే ఆడేవాళ్లు ఏం తేల్చుకోవాలి?

ఫైనల్ ఫాంటసీ 10 (2001) ఈ పని చాలా శుభ్రంగా చేస్తుంది. గాల్లో ఎగిరేవాటికి వాకా బంతి, జెల్లీ ముద్దల్లాంటి ఫ్లాన్లకు లూలూ మంత్రం, గట్టి పెంకున్నవాటికి ఆరాన్ కత్తి, చురుగ్గా తప్పించుకునేవాటికి టీడస్. ఫైట్ మధ్యలో మనిషిని మార్చుకున్నా టర్న్ పోదు కాబట్టి, ప్రతి ఫైట్ ‘ఇప్పుడు ఎవర్ని దించాలి’ అని అడుగుతుంది. అందులోనూ లోటు లేకపోలేదు. ఏది ఎవరికో ఒకసారి తెలిశాక ఆలోచన ఆగిపోతుంది, జత కలపడం ఒక్కటే మిగులుతుంది. బలహీనతల మీద నడిచే ఏ ఆటకైనా ఉన్న జబ్బే ఇది.

మందు ఏందంటే, ఒకే మనిషికి ఒకే టర్న్‌లో రెండు పనులు పడేట్టు చూడటం. మన కొత్తపట్నం ఒడ్డున మూడు జీవుల్ని పెట్టి చూద్దాం.

ఎండ్రకాయ: పైన పెంకు ఉన్నంతసేపూ ఏ దెబ్బకైనా నామమాత్రంగానే పోతుంది. మస్తాన్ వల వేసి లాగితే వెల్లకిలా పడి రెండు రౌండ్లు అట్టే ఉంటుంది. అప్పుడు పెంచలయ్య రెండు దెబ్బలు చాలు.

గుంటనక్క: ప్రాణం తక్కువ. మూడో రౌండ్‌లో ఊళ వేసిందంటే ఇంకో నక్క దిగుతుంది. వలలో చిక్కితే ఆ రౌండ్‌కి ఊళ ఉండదు.

కట్లపాము: కాటేస్తే రౌండ్‌కి 4 చొప్పున పోతూ ఉంటుంది. రమణమ్మత్త పసరుతో విషం దిగుతుంది, కానీ ఆ టర్న్‌లో ఆమె గాయాలకు మందు వేయలేదు.

విడివిడిగా అయితే ఒక్కోదాని కిటుకు రెండుసార్లలో తెలిసిపోతుంది. కలిపి చూడండి. ఎండ్రకాయ, నక్క కలిసి వస్తే మస్తాన్ దగ్గరున్నది ఒకటే వల. నక్క మీద వేస్తే ఊళ ఆగుతుంది గానీ పెంచలయ్య సుత్తి పెంకు మీద టంగుమంటుంది. ఎండ్రకాయ మీద వేస్తే పెంచలయ్యకు దారి దొరుకుతుంది, కానీ మూడో రౌండ్‌కి ఇంకో నక్క రావచ్చు. ఎండ్రకాయ, పాము కలిసి వస్తే వేరే లెక్క: ఎండ్రకాయ మీద పని నిదానంగా సాగేది, పాముతో నిదానిస్తే విషం ఎక్కుతూ ఉంటుంది. రెండు పాములు, ఒక నక్క వచ్చాయంటే రమణమ్మత్త ఎవరికి పసరు పోయాలో, ఎవర్ని ఇంకో రౌండ్ అట్టే ఓర్చుకోమనాలో తేల్చుకోవాలి.

మూడు జీవులకు ఒంటరివి మూడు, జంటలు మూడు, మూడూ కలిసింది ఒకటి: మొత్తం ఏడు జట్లు. కొత్తగా ఒక్క బొమ్మ గీయలేదు. నలుగురు శత్రువులకు ఇదే లెక్కలో పదిహేను జట్లు వస్తాయి. అందుకే ప్రాంతానికి పదేసి శత్రువులు పెట్టే ఉబలాటం మానుకోండి. బొమ్మలు గీసే తమ్ముడి వేళ్లు కూడా మిగులుతాయి.

జీవులు పాతబడితే చోటును కూడా ఫైట్‌లోకి లాగండి. చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ అనే గ్రానైట్ దొరుకుతుంది, నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. దానికోసం తవ్విన గుంతలు మెట్లుమెట్లుగా లోతుకు దిగి ఉంటాయి. మన గేమ్‌లో ఆ గుంతలో జరిగే ప్రతి ఫైట్‌లోనూ మొదటి రౌండ్‌కి బ్లాస్టింగ్ సైరన్ మోగుతుంది, మూడో రౌండ్ చివర రాళ్లు ఎగిరిపడతాయి. ముందు వరసలో ఎవరుంటే వాళ్లకు, మనవాళ్లయినా శత్రువైనా, 8 పోతుంది. ఇప్పుడు అదే నక్క, అదే పాము వచ్చినా ఆలోచన మారిపోయింది. మూడో రౌండ్‌కి మనవాళ్లను వెనక్కి పంపాలా, లేక నక్కను వలలో కట్టి ముందు వరసలోనే ఉంచి రాళ్లకు వదిలేయాలా? ఇట్టాంటి ఏర్పాటు ప్రాంతానికి ఒకటి చాలు. రెండు పెడితే అయోమయం.

అంకెల దగ్గర ఒక ఉచ్చు ఉంది

ఆర్పీజీ మేకర్ ఎంజెడ్‌లో మామూలు దెబ్బకి మీరేమీ మార్చకపోతే వచ్చే సూత్రం ఇది: కొట్టేవాడి ఎటాక్‌ను 4తో గుణించి, అందులోంచి ఎదుటివాడి డిఫెన్స్‌కి 2 రెట్లు తీసేయాలి. పెంచలయ్య ఎటాక్ 20 అనుకోండి. డిఫెన్స్ 10 ఉన్న నక్కకు 60 పోతుంది. డిఫెన్స్ 30 ఉన్న ఎండ్రకాయకు 20 పోతుంది. ఇప్పుడు ఒంగోలు అంగట్లో కొత్త సుత్తి కొన్నాడు, ఎటాక్ 25 అయింది. నక్కకు 60 కాస్తా 80 అయింది. ఎండ్రకాయకు 20 కాస్తా 40 అయింది, అంటే రెట్టింపు. మీరు అంత ఆలోచించి పెట్టిన పెంకు ప్రశ్న అంగట్లోనే తీరిపోయింది. ఇక వల ఎందుకు?

కాబట్టి పెంకును డిఫెన్స్ అంకెతో కట్టొద్దు. ‘పెంకు’ అని ఒక స్టేట్ (పాత్రకు తగిలించి, మళ్లీ తీసేయగలిగే స్థితి) తయారుచేయండి, అందులో ఫిజికల్ డ్యామేజ్ శాతాన్ని పదికి దించండి, వల స్కిల్ ఆ స్టేట్‌ను తీసేసేట్టు పెట్టండి. ఎంత ఖరీదైన సుత్తి కొన్నా అప్పుడు వలకు విలువ ఉంటుంది.

హెచ్‌పీ కూడా తిరగేసి లెక్కేసుకోండి. ముందు ‘ఇది ఎన్ని దెబ్బలకు చావాలి’ అని రాసుకుని, దాన్నుంచి హెచ్‌పీ తీయండి. దారి ఫైట్ రెండు మూడు రౌండ్లలో తేలిపోవాలి. నాలుగు దాటితే మొదటి రెండు రౌండ్లలో తీసుకున్న నిర్ణయాన్నే మళ్లీ మళ్లీ నొక్కిస్తున్నారని అర్థం. అంకెలు చిన్నవైతే ఇంకా మంచిది. పేపర్ మారియో (2000) 10 హెచ్‌పీతో మొదలవుతుంది, దెబ్బకి ఒకటో రెండో పోతుంది. అందుకే ఆడేవాళ్లు ‘ఇది ఇంకో దెబ్బకి పోతుంది’ అని మనసులోనే లెక్క కట్టగలరు. 4,872 పోయిందంటే ఎవరు లెక్క కడతారు?

ఎన్ని అడుగులకొక ఫైట్?

శత్రువులు కనపడకుండా, నడుస్తుంటే ఉన్నట్టుండి ఫైట్ వచ్చే పద్ధతి వాడితే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఆర్పీజీ మేకర్‌లో మ్యాప్‌కి 30 అడుగులు అని పెడితే ముప్పై అడుగులకొకసారి ఫైట్ వస్తుందనుకుంటారు. అది సగటు మాత్రమే. లోపల జరిగేది ఇది: 0 నుంచి 29 దాకా ఒక అంకె తీస్తుంది, అట్టాంటిదే ఇంకోటి తీస్తుంది, రెండూ కలిపి 1 కూడుతుంది. అంటే 1 నుంచి 59 దాకా ఎంతైనా రావచ్చు. లెక్క కడితే దాదాపు ఏడెనిమిది ఫైట్లకు ఒకటి, ముందుది అయిన పదిహేను అడుగుల్లోపే వచ్చి పడుతుంది. ఆడేవాళ్లకు గుర్తుండేది అదే. యాభై అడుగులు ప్రశాంతంగా నడిచిన సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా గడ్డి, పొద అని గుర్తు పెట్టిన టైల్ (మ్యాప్‌లో ఒక గడి) మీద ఒక అడుగు రెండుగా లెక్క. సరుగుడు తోపు మొత్తానికి ఆ గుర్తు పెట్టారంటే ఫైట్లు రెట్టింపవుతాయి.

దీనికి వైద్యం చిన్నది. గేమ్ ప్లేయర్ కోడ్‌లో మేక్‌ఎన్‌కౌంటర్‌కౌంట్ అనే ఫంక్షన్ ఉంటుంది. దాన్ని 20కి 0 నుంచి 20 దాకా ఒక అంకె కూడేట్టు మార్చండి. సగటు 30 అట్టే ఉంటుంది, ఇరవై అడుగుల్లోపు మాత్రం ఎప్పుడూ రాదు. తలుపు తాళం వెతికే చోట, మీటలు తిప్పే చోట ఫైట్లు పూర్తిగా ఆపేయండి. ‘ఎడమ మీట తిప్పానా కుడి మీట తిప్పానా’ అని గుర్తుపెట్టుకుంటున్న మనిషి మీదికి నక్కను తోలడం అన్యాయం.

ఆడేవాళ్లకే పగ్గాలు ఇవ్వడం ఇంకో దారి. బ్రేవ్లీ డిఫాల్ట్‌లో ఫైట్ల జోరును సున్నా నుంచి రెట్టింపు దాకా మనమే పెట్టుకోవచ్చు. వైల్డ్ ఆర్మ్స్ 2లో ఫైట్ రాబోతుంటే తలమీద ఆశ్చర్యార్థకం కనపడుతుంది, బటన్ నొక్కి తప్పించుకోవచ్చు. ఎర్త్‌బౌండ్ (1994) ఇంకా పెద్దమనసు చూపింది: మన పార్టీ బాగా బలంగా ఉంటే బ్యాటిల్ తెరే రాదు, తాకగానే గెలుపు, ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు) చేతికి. చిన్న గేమ్ చేసేవాళ్లు ముందు ఎత్తుకోవాల్సింది ఈ ఎర్త్‌బౌండ్ ఉపాయాన్నే అని నా అభిప్రాయం. రాయడం తేలిక, ఫలితం వెంటనే కనపడుతుంది.

క్రోనో ట్రిగర్ (1995)లో లాగా శత్రువులు మ్యాప్ మీదే కనపడితే ఉన్నట్టుండి వచ్చే ఫైట్ల గొడవే ఉండదు. కానీ ఆడేవాళ్లు అన్నిటినీ తప్పించుకుని పోయి, లెవెల్ చాలక బాస్ దగ్గర తన్నులు తింటారు. కాబట్టి నేర్పాల్సిన ఫైట్లను బకింగ్‌హామ్ కాలువ గట్టు లాంటి ఇరుకు దారుల్లో పెట్టండి. మిగతావాటిని తప్పించుకునే వీలుండాలి, తప్పించుకున్నా బాస్‌ను కొట్టగలిగేట్టు ఎక్స్‌పీ లెక్క ఉండాలి.

అరుగుదలా, ప్రమాదమా? ఒకటి ఎంచుకోండి

పాత డ్రాగన్ క్వెస్ట్‌లో ఒక్కో ఫైట్ తేలిగ్గా ఉన్నా విసుగు పుట్టకపోవడానికి కారణం, దెబ్బలు ఒక ఫైట్ నుంచి ఇంకో ఫైట్‌కి పేరుకుంటూ పోతాయి. మందు మూలికలు ఆరుకు మించి మోయలేరు. గుహలో ఎంత లోపలికి పోవాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నదే అసలు ఆట. ఫైనల్ ఫాంటసీ 13 (2009)లో ప్రతి ఫైట్ తర్వాతా హెచ్‌పీ మొత్తం నిండుతుంది. అందుకని అక్కడ ఒక్కో ఫైట్ ప్రాణం మీదికి తేగలదు. మొదటిది అరుగుదల, రెండోది ప్రమాదం, రెండూ న్యాయమైన పద్ధతులే. ఫైట్ తేలిక, ఫైట్ కాగానే అంతా నిండిపోవడం, సంచిలో తొంభైతొమ్మిది మజ్జిగ ప్యాకెట్లు: ఈ మూడూ ఒకేచోట కలిశాయంటే ఇక దేనికీ అర్థం ఉండదు.

ఒకే గేమ్‌లో ప్రాంతాన్నిబట్టి పద్ధతి మార్చొచ్చు కూడా. ఉదయగిరి కోటను అరుగుదల పద్ధతిలో కట్టండి, ఆ చోటికి అది అతుకుతుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఆ కొండకోటను 1514లో తీసుకున్నది సుదీర్ఘ ముట్టడి తర్వాతే. కొండ కింద ఊళ్లో మందులు సంచికి ఇన్నని కొనుక్కోవాలి, పైన అంగడి లేదు. మొత్తం పన్నెండు ఫైట్లు అని ముందే రాసుకోండి. మొదటి మూడు కోటలో కొత్తగా వచ్చే జీవిని పరిచయం చేయాలి, తర్వాతి ఆరు దాన్ని పాతవాటితో కలపాలి, చివరి మూడు సంచి ఖాళీ అవుతున్నప్పుడు నొక్కి పట్టుకోవాలి. బాస్‌కి కావాల్సిన ఎక్స్‌పీని ఈ పన్నెండుకే పంచేయండి. అప్పుడు ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ లెవెల్ పెంచుకునే పని ఎవరికీ పడదు.

శత్రువు ఏం చేయబోతోందో చెప్పేయండి

చాలా గేముల్లో దెబ్బ తగ్గించుకునే గార్డ్ అనే కమాండ్ ఎవరూ నొక్కరు. ఎప్పుడు నొక్కాలో తెలియదు మరి. కథ మధ్యలో పూనకమొచ్చిన ఒంగోలు గిత్తతో ఫైట్ ఉందనుకోండి. ఈ టర్న్‌లో గిట్టతో నేల గీరింది, వచ్చే టర్న్‌లో కుమ్ముతుంది. తెరమీద ‘గిత్త కాలు దువ్వుతోంది’ అని ఒక వాక్యం, మూపురం కదిలేట్టు రెండు ఫ్రేముల బొమ్మ చాలు. ఇప్పుడు గార్డ్‌కి పని దొరికింది, వలకీ దొరికింది. ఫైనల్ ఫాంటసీ 10లో లాగా టర్న్‌ల వరస పక్కన చూపిస్తే ఇంకా మేలు, నిదానస్తుడైన పెంచలయ్య సుత్తి కుమ్ముడుకు ముందు పడుతుందా తర్వాతా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

దారి ఫైట్లలోనూ ఇట్టాంటి సంకేతం ఒక్కటైనా ఉండాలి. దీనికి గట్టి శిక్ష, గట్టి బహుమానం కూడా తోడవ్వాలంటే షిన్ మెగామి టెన్సే 3 (2003) చూడండి. బలహీనత మీద కొడితే సగం టర్నే ఖర్చవుతుంది, గురి తప్పితే రెండు టర్న్‌లు పోతాయి, ఇదే నియమం శత్రువులకూ ఉంది. అందుకే అందులో మామూలు ఫైట్ అని తేలిగ్గా తీసుకుంటే పార్టీ మొత్తం పోతుంది.

వృథా సెకన్లు కోసేయండి

స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఆడేవాళ్లు ఏమీ తేల్చుకోని సెకన్లు కొలవండి. తెర గిరగిరా తిరగడం, శత్రువులు జారుకుంటూ రావడం, గెలిచాక ఎగరడం, ఎక్స్‌పీ అంకెలు పాకడం. ఫైట్‌కి 8 సెకన్లు అనుకుంటే 300 ఫైట్లకు 40 నిమిషాలు. తెర మార్పును అర సెకనుకు దించండి, గెలుపు తెరను ఒక్క నొక్కుతో దాటనివ్వండి, పోయినసారి ఎంచుకున్న కమాండ్ మీదే కర్సర్ నిలిచేట్టు పెట్టండి. ఫైనల్ ఫాంటసీ 7 (1997)ను కొత్త మెషిన్లకు తెచ్చినప్పుడు మూడు రెట్ల వేగం కలిపారు. అది మంచిదే, కానీ వేగం బటన్‌ను ఎవరైనా ఫైట్ మొత్తం వదలకుండా పట్టుకుంటే వేగం సమస్య కాదు, ఆ ఫైటే సమస్య. ఆటో బటన్ సంగతీ అంతే. ఫైనల్ ఫాంటసీ 12 (2006)లో గ్యాంబిట్లు వేరు, అక్కడ ఎవరు ఎప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టడమే ఆట.

ఆడించి చూడండి, నోరు కాదు వేలు చూడండి

పిన్ని కొడుకునో, రూమ్మేట్‌నో కూర్చోబెట్టి ఆడించండి. ‘ఎట్టుందిరా’ అని అడగొద్దు, ‘బాగుందన్నా’ అనేస్తాడు. పక్కన కూర్చుని అతను నొక్కిన ప్రతి కమాండ్‌కీ ఒక అక్షరం రాయండి: దెబ్బకి దె, వలకి వ, పసరుకి ప, గార్డ్‌కి గా. ఫైట్‌కి ఒక వరస. ‘వ దె ప, గా దె ప, వ దె దె’ అని వచ్చిందంటే ఆ ఫైట్ బతికుంది. ‘దె దె దె, దె దె దె’ అని వస్తే లేదు. ఇంకో జబ్బు కూడా ఇక్కడే దొరుకుతుంది: మూడు వేరువేరు ఫైట్లకు ముగ్గురు వేరువేరు మనుషులు ‘వ దె ప’ అనే అక్షరాలనే రాయించారంటే, వల మరీ బలంగా ఉంది. దాన్ని రెండు రౌండ్లకొకసారి వేసేట్టు మార్చి మళ్లీ ఆడించండి.

అప్పటికీ మారని వరసలు కొన్ని మిగులుతాయి. అట్టాంటి ఫైట్‌ను ఇంకా బాగుచేద్దామని కూర్చోకుండా మ్యాప్‌లోంచి తీసేసి, దాని ఎక్స్‌పీని, డబ్బును పక్క ఫైట్‌కి కలిపేయండి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి ముందే ఒక కాపీ తీసి పెట్టుకోండి, తీసేసిన జట్టు క్వారీ సైరన్ కింద పనికి రావచ్చు.